కొత్తగా కొన్న ఇంట్లో ఫ్లీలు: పాలు పొంగించే ముందు మూడు వారాల పని

బెంగళూరులో రీసేల్ ఇల్లు కొన్నవాళ్లు తాళం చేతికి రాగానే కొలతల టేపు పట్టుకుని లోపలికి వెళ్తారు. హాలు కొలుస్తారు, మంచం ఎటు వేయాలో మాట్లాడుకుంటారు. పావుగంటకి కాళ్లు దురద మొదలవుతుంది. ప్యాంటు అంచు పైకి లాగితే చీలమండ చుట్టూ వరసగా మూడు నాలుగు ఎర్రటి దద్దుర్లు, సాక్సు మీద నువ్వుగింజ కంటే చిన్న ముదురు గోధుమరంగు పురుగు. వేలు పెట్టేలోపు ఎగిరిపోతుంది. పాత యజమాని ఖాళీ చేసి మూడు నెలలైంది, కుక్కనీ వెంట తీసుకెళ్లాడు. మరి ఇవి ఏం తిని బతికినట్టు?

ఏమీ తినలేదు. తమ చుట్టూ అల్లుకున్న గూళ్లలో ఉండి, ఎవరైనా అడుగుపెట్టే దాకా ఆగాయి. ఈ సంగతి తెలియకే చాలామంది మందు కొట్టించి, తాళం వేసి, నెల తర్వాత గృహప్రవేశం రోజున చుట్టాలందరినీ చాపల మీద కూర్చోబెట్టి కుట్టించుకుంటారు.

ముందు పేరు తేల్చుకోవాలి. పేరు తప్పితే మందూ తప్పుతుంది. మన ఇళ్లలో ఫ్లీని కొందరు కుక్కపేను అంటారు, కొందరు గోమారి అంటారు. కానీ ఒంటికి అతుక్కుని రక్తం తాగి ఉబ్బే పిడుదుని కూడా గోమారి అనే అంటారు. అది ఎగరదు, గోడలెక్కుతుంది. అందుకే ఇక్కడ ఫ్లీ అనే రాస్తున్నాను. బెంగళూరులో మందు కొట్టే కుర్రాళ్లతో కన్నడంలో మాట్లాడేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. చిగట అంటే ఫ్లీ, తిగణె అంటే నల్లి, ఉణ్ణె అంటే పిడుదు. ఫోన్లో చిగటకి బదులు తిగణె అన్నారో, వచ్చినవాడు మంచం కీళ్లకి, పరుపు కుట్లకి మందు కొట్టి, అసలు కొట్టాల్సిన నేలని వదిలేసి వెళ్తాడు.

వానాకాలంలో బాత్రూముల్లో ఎగిరే బూడిదరంగు సన్నపురుగులు కనిపిస్తాయి. అవి తడికి వచ్చేవి, కుట్టవు, వేలితో అదిమితే నలిగిపోతాయి. ఫ్లీ అలా నలగదు. ఒళ్లు రెండు పక్కలా నొక్కేసినట్టు పల్చగా, పెంకులా గట్టిగా ఉంటుంది. వేళ్ల మధ్య నలిపి వదిలితే మళ్లీ ఎగురుతుంది. రెండు గోళ్ల మధ్య నొక్కితే టిక్కుమని చస్తుంది. తడి తెల్లకాగితం ఇంకో పరీక్ష. కుక్క పడుకున్న మూలలో మిరియాలపొడి లాంటి నల్లటి నలుసులు దొరికితే వాటిని కాగితం మీద రాల్చండి. చుట్టూ ఎర్రటి మరక పాకితే అది ఎండిన రక్తం, అంటే ఫ్లీ మలం. మట్టి అయితే రంగు దిగదు.

ఆ నలుసులే పిల్లపురుగుల తిండి. కుక్క లేదా పిల్లి మీద ఉన్న ఆడ ఫ్లీ రోజుకి 40 నుంచి 50 దాకా గుడ్లు పెట్టగలదు. గుడ్డు అర మిల్లీమీటరు, తెల్లగా, నున్నగా ఉంటుంది. బొచ్చుకి అంటుకోదు కాబట్టి జంతువు ఎక్కడ పడుకుంటే అక్కడే రాలుతుంది. కొన్ని రోజుల్లో సేమియా తునకలాంటి తెల్లటి పిల్లపురుగు బయటికొస్తుంది. దానికి వెలుతురు పడదు. స్కర్టింగ్ కింది సందులోకి, చెక్క ఫ్లోరింగ్ పలకల మధ్యకి, గుమ్మం చట్రం అడుక్కి దిగిపోతుంది. గాలిలో తేమ 50 శాతానికి తగ్గితే ఎండి చస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బెంగళూరు మధ్యాహ్నాలు పొడిగా ఉంటాయి కాబట్టి కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ అదృష్టం లేదు.

తర్వాతది గూడు. హిందూపురం, రామనగర మార్కెట్లలో పట్టుగూళ్లు చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు, ఇదీ పట్టుదారంతో అల్లిందే, కాకపోతే బియ్యపు నూకంత. దారం జిగటగా ఉండి చుట్టుపక్కల దుమ్ము, ఇసుక, వెంట్రుకలు అంటుకుంటాయి. నేల మీద ఉన్నా దుమ్ము ఉండలాగే ఉంటుంది, కంటికి ఆనదు. పురుగుమందు దాని లోపలికి దిగదు. లోపల పురుగు పూర్తిగా తయారయ్యాక కూడా బయటికి రాకుండా నెలల తరబడి, అనుకూలిస్తే ఐదు నెలల దాకా, ఉండగలదు. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే క్షణాల్లో బయటపడుతుంది. వచ్చాక మాత్రం తిండి దొరక్కపోతే వారం రెండు వారాలకి మించి బతకడం కష్టం. అంటే ఖాళీ ఇంట్లో ఫ్లీకి గూడే రక్ష. దాన్ని గూట్లోంచి బయటికి రప్పించడమే మన పని.

ఇల్లు ఖాళీగా ఉండగా దొరికే మూడు వారాలు బంగారం లాంటివి. సామాను దిగాక ఇదే పని నాలుగింతలవుతుంది. అద్దె ఇంకో నెల కట్టాల్సి వచ్చినా సరే, సామాను తేవడం వాయిదా వేయమనే నేను చెప్తాను.

మొదట ఎక్కడ ఎక్కువున్నాయో పట్టాలి. మోకాళ్ల దాకా వచ్చే తెల్ల సాక్సులు వేసుకుని, ప్యాంటు అంచు అందులో దోపి, ఒక్కో గదిలో ఐదు నిమిషాలు కాళ్లు నేలకి కొడుతూ నడవండి. ఏ గదిలో ఎన్ని ఎక్కాయో కాగితం మీద రాసుకోండి. చాలా ఇళ్లలో రెండు మూడు చోట్లే గుంపుగా ఉంటాయి: మెట్ల కింద, యుటిలిటీ మూల, పాత యజమాని సోఫా ఉన్న గోడ వార. రాత్రికి అక్కడ వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, నీళ్లకి జానెడు ఎత్తున చిన్న బల్బు వేలాడదీయండి. మిగతా లైట్లన్నీ ఆర్పాలి. వెలుతురుకీ వేడికీ వచ్చి ఎగిరినవి నీళ్లలో పడి మునుగుతాయి. సబ్బు లేకపోతే నీటి మీద తేలి మళ్లీ గట్టెక్కుతాయి. ఈ పళ్లెం ఫ్లీలని అంతం చేయదు, లెక్క చెప్తుంది. పొద్దున్నే ఎన్ని పడ్డాయో తేదీతో రాసుకోండి, చివరిదాకా మీకు దారి చూపేది ఆ లెక్కే.

పాత యజమాని వదిలేసిన కార్పెట్లు, డోర్ మ్యాట్లు, పరుపులు ఉంచుకోవద్దు. గదిలోనే పెద్ద కవర్లలో మూతి బిగించి కట్టి బయటికి తీయండి. విప్పి, దులుపుతూ మెట్ల మీదుగా ఈడ్చుకెళ్తే గుడ్లు మూడంతస్తులూ రాలతాయి. కర్టెన్లు ఉంచుకోవాలనుకుంటే 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి.

ఆ తర్వాత వ్యాక్యూమ్. చీపురుతో సరిపెట్టుకోవద్దు, చీపురు గుడ్లని సందుల్లోకి నెడుతుంది. సన్న మూతి గొట్టం తగిలించి స్కర్టింగ్ అంచు, టైల్స్ సందులు, గుమ్మాల అడుగు, గోడలో కట్టిన బీరువాల కింది అర, చెక్క ఫ్లోరింగ్ అయితే ప్రతి పలక అంచూ లాగండి. పాత రెడ్ ఆక్సైడ్ నేల పగుళ్లని అసలు వదలొద్దు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2007లో పరీక్షించి చూస్తే వ్యాక్యూమ్‌లోకి వెళ్లిన పెద్ద ఫ్లీలలో సగటున 96 శాతం చచ్చాయి, పిల్లదశలో ఉన్నవి నూటికి నూరూ చచ్చాయి. అయినా సంచిని బయట కవర్లో ఖాళీ చేసి మూతి కట్టేయడం మంచిది. వ్యాక్యూమ్‌తో ఇంకో లాభం దాని అదురు. గూళ్లలో ఉన్నవి మనిషి వచ్చాడనుకుని బయటపడతాయి. అందుకే మందు కొట్టే రోజు పొద్దున వ్యాక్యూమ్ చేసి, వెంటనే మందు కొట్టించాలి.

మందులో రెండు రకాలు కలిసి ఉండాలి. ఒకటి పెద్ద పురుగుని చంపేది: డెల్టామెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటివి. రెండోది ఐజీఆర్, అంటే పురుగు ఎదుగుదలని ఆపేది: పైరిప్రాక్సిఫెన్ లాంటిది. ఇది పెద్ద పురుగుని చంపదు. గుడ్డు పిల్ల కాకుండా, పిల్ల గూడు కట్టకుండా అడ్డుపడుతుంది. మొదటిది మాత్రమే కొడితే వారం ప్రశాంతంగా ఉండి మళ్లీ మొదటికొస్తుంది. పెస్ట్ కంట్రోల్ వాళ్లని ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి: మందు అసలు పేరేంటి, ఐజీఆర్ కలుపుతారా, రెండు మూడు వారాలకి రెండోసారి వస్తారా. వచ్చినప్పుడు సీసా చూపించమనండి. లేబుల్ మీద రంగు త్రిభుజం ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, పసుపు దాని తర్వాతది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ తక్కువ. ఎరుపు, పసుపు గుర్తులున్నవి ఇంట్లోకి రానివ్వద్దు. లేబుల్ లేని సీసాలో తెచ్చిన తెల్లటి నీళ్లని అసలు కొట్టనివ్వద్దు.

సీసా మీద ఇళ్లలో వాడొచ్చని రాసి ఉంటే, మోతాదు కూడా అక్కడ రాసినంతే. ఎక్కువ కలిపితే ఎక్కువ చావవు, మీ పిల్లలు పీల్చేది ఎక్కువవుతుంది. నేల మీద కొట్టే ఇలాంటి మందులకి సాధారణంగా 100 చదరపు మీటర్లకి 5 లీటర్ల కలిపిన నీళ్లు పడతాయి. 12 అడుగులకి 10 అడుగుల గది అంటే సుమారు 11 చదరపు మీటర్లు, అర లీటరుకి కాస్త పైన. ఆ గదిలో ఒక్క నిమిషం పిచికారీ చేసి అయిపోయిందన్నాడంటే సగం నేల తడవలేదన్నమాట. పంపులో సగం నీళ్లు, తర్వాత మందు, బాగా కుదిపి మిగతా నీళ్లు పోయాలి. సిమెంటు, రెడ్ ఆక్సైడ్ లాంటి పీల్చే నేలకి పొడిగా వచ్చే డబ్ల్యూపీ రకం బాగా నిలుస్తుంది, మెరుగు పెట్టిన టైల్స్ మీద మాత్రం తెల్ల మచ్చ వదులుతుంది. టైల్స్‌కి ఎస్‌సీ (చిక్కటి ద్రవంగా వచ్చే) రకం మేలు. నూనెలాంటి ద్రవంగా వచ్చే ఈసీ రకం సిమెంటు లోపలికి ఇంకిపోతుంది, వాసన కూడా ఎక్కువ.

నేలంతా పల్చగా, గోడ వార అడుగు వెడల్పున బాగా తడిసేలా, గోడ మీద జానెడు ఎత్తు దాకా కొట్టాలి. వంటగట్టు మీద వద్దు, దాని కింది అరల నేల చాలు. కొట్టేవాళ్లు ఇంటి లోపలి చివరి గది నుంచి మొదలుపెట్టి వీధిగుమ్మం వైపు వెనక్కి నడవాలి, లేకపోతే తడి మందు తొక్కుకుంటూ బయటికి రావాలి. గ్లౌజులు, మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. పూర్తిగా ఆరాక కిటికీలన్నీ తీసి, నాలుగైదు గంటల తర్వాత లోపలికి వెళ్లొచ్చు. గర్భిణులని, పాకే పిల్లలని ఆ రోజు దూరంగా ఉంచండి.

బెంగళూరు ఇళ్లలో చాలామంది మరిచిపోయేది సంప్. కార్ పార్కింగ్ కిందే తాగే నీళ్లుంటాయి, మూత అంచుల్లో సందులుంటాయి. అక్కడ మందు కొట్టే ముందు మూత మీద ప్లాస్టిక్ షీటు పరిచి అంచులకి టేపు వేయాలి, మూతకి రెండడుగుల దూరం వదిలేయాలి. మిగిలిన మందు డ్రైనేజీలోనో వాననీటి ఫిల్టర్లోనో పోయకూడదు. చేపల తొట్టి ఉంటే ఆ గదిలోంచి తీసేయండి, ఈ మందుల చుక్క చాలు చేపలకి.

ఇప్పుడు అసలు కష్టం. మందు కొట్టిన నాలుగో రోజో పదో రోజో మళ్లీ ఫ్లీలు కనిపిస్తాయి. మందు నకిలీదని గొడవపడి వేరేవాళ్లని పిలుస్తారు. అవి గూళ్లలోంచి కొత్తగా వచ్చినవి. నేల మీద మందు పొర ఉంటే దాని మీద నడిచి ఒకటి రెండు రోజుల్లో చస్తాయి. రావడమే మనకి కావాలి, అందుకే ఇల్లు తాళం వేసి వదలకూడదు. మూడు వారాల పాటు రోజూ ఎవరో ఒకరు, బూట్లు వేసుకుని, అరగంట అన్ని గదుల్లో తిరగాలి. గోడ వార వదిలేసి మధ్య నేలంతా రోజు విడిచి రోజు వ్యాక్యూమ్ చేయాలి. తాళం వేసి వెళ్తే మందు పొర బలం తగ్గే దాకా గూళ్లు కదలవు. మీరు వచ్చాకే కదులుతాయి.

ఈలోగా పెయింటు, వడ్రంగి పనులు పెట్టుకుంటే అదురుకి లోటుండదు. కానీ పుట్టీ రుద్దిన దుమ్ము మందు పొర మీద పరుచుకుంటే మందు పురుగుకి తగలదు. కాబట్టి మొదటి పిచికారీ పనివాళ్లు దిగే ముందు, రెండోది దుమ్ము పనులన్నీ అయ్యాక. పనివాళ్లకి విషయం ముందే చెప్పి, చెప్పులతో కాకుండా బూట్లతో రమ్మనండి.

తడిగుడ్డ గురించి గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో రోజూ నేల తుడవకపోతే మనసొప్పదు. కొత్త ఇల్లు, పైగా మందు కొట్టిన నేల, రెండు మూడుసార్లు ఫినాయిల్‌తో కడిగితే గానీ తృప్తి ఉండదు. కట్టిన డబ్బు ఆ బకెట్లోనే పోతుంది. రెండు వారాలు గోడ వార అడుగు వెడల్పున తడిగుడ్డ తగలకూడదు. నడిచే మధ్య భాగం రెండు రోజుల తర్వాత పిండిన గుడ్డతో తుడుచుకోవచ్చు. ఇది పనమ్మాయికి నోటితో చెప్తే సరిపోదు. గోడ నుంచి అడుగు దూరంలో నేల మీద పేపర్ టేపు అతికించండి, టేపు దాటొద్దని చూపించండి.

మీకు కుక్కో పిల్లో ఉంటే దాని మందూ అదే రోజు మొదలవ్వాలి. వెటర్నరీ డాక్టరు బరువుని బట్టి మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు గానీ, కుక్కకైతే నెలకొకసారి ఇచ్చే అఫాక్సోలానర్ మాత్ర గానీ, పన్నెండు వారాలు పనిచేసే ఫ్లూరలానర్ గానీ రాస్తారు. చుక్కల మందుకి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం చేయించొద్దు. కనీసం మూడు నెలలు మానకూడదు. కుక్కలకి అమ్మే పెర్మెత్రిన్ మందు పిల్లికి వేస్తే పిల్లి ప్రాణం పోతుంది, ఇది మరవొద్దు. కుక్కని వేరే ఇంట్లో దాచడం కూడా తెలివైన పని కాదు. మందు ఆరాక, మందు వేసిన కుక్క ఇంట్లో తిరిగితే కొత్తగా వచ్చిన ఫ్లీలు దాని మీదకే ఎగిరి చస్తాయి.

కుక్క, పిల్లి ఏవీ లేని ఇంట్లో ఫ్లీలుంటే పైకప్పు చూడండి. ఫాల్స్ సీలింగ్‌లో, పైపుల డక్టులో, మంగళూరు పెంకుల కింద పిల్లి ఈనిందేమో, ఎలుకలున్నాయేమో. ఎలుకలైతే వరస ముఖ్యం: ముందు ఫ్లీలకి మందు, తర్వాతే ఎలుకలకి. ఎలుక చచ్చి చల్లబడగానే దాని మీదున్న ఫ్లీలు దిగి దగ్గర్లో ఉన్న వెచ్చటి ఒంటిని వెతుక్కుంటాయి. ఎలుకలు రాలితే ఇల్లు ఖాళీ చేయాలని మన పెద్దలు అనడం వెనక ఉన్నది ఇదే. బెంగళూరుకి 1898లో ప్లేగు వచ్చింది, ఊళ్లో ప్లేగు మారమ్మ గుళ్లు ఆ కాలం గుర్తులే, మల్లేశ్వరం, బసవనగుడి పెరగడానికీ ఆ భయం ఒక కారణం. ఆ ఏడాదే కరాచీలో పాల్ లూయీ సిమోండ్ అనే ఫ్రెంచి డాక్టరు ప్లేగుని ఎలుక నుంచి ఎలుకకి మోసేది ఫ్లీ అని చూపించాడు. ఇప్పుడు ఇంట్లో ఫ్లీ కనిపిస్తే ప్లేగని భయపడక్కర్లేదు. కానీ ఎలుక ఫ్లీల వల్ల టైఫస్ జ్వరం వస్తుంది. ఈ పని నడిచే రోజుల్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి, ఒంటి మీద దద్దు వస్తే ఇంట్లో ఎలుకలు, ఫ్లీలు ఉన్నాయని డాక్టరుకి చెప్పండి, చెప్పకపోతే ఆయనకి తట్టకపోవచ్చు. చిన్నపిల్లలు కుక్కతో ఆడుతూ ఫ్లీని మింగితే బద్దెపురుగు పట్టే అవకాశం కూడా ఉంది.

బయట ఎండ పడే చోటు వదిలేయొచ్చు, పిల్లపురుగు అక్కడ బతకదు. మెట్ల కింది ఇసుక, పూలకుండీల వెనక నీడ, వీధికుక్క మధ్యాహ్నం పడుకునే గేటు మూల, ఈ మూడూ ఊడ్చి మందు కొట్టాలి.

సాంబ్రాణి, వేపాకు పొగ, కలరా ఉండలు గూటిని ఏమీ చేయలేవు. బటన్ నొక్కి గదిలో పెట్టే పొగడబ్బా పైకి లేచి నేల మీద పడుతుంది తప్ప సందుల్లోకి దూరదు. గమాక్సిన్ పొడి ఎవరైనా తెచ్చిస్తే తీసుకోవద్దు, అది నిషేధించిన మందు. ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఇంట్లో పెట్టమని ఎవరు చెప్పినా వినొద్దు. వాటి వాయువు గోడ పక్క ఇంట్లోకి కూడా పాకి మనుషులని చంపుతుంది.

రెండో పిచికారీ అయ్యాక పళ్లెం లెక్క రోజురోజుకీ పడిపోవాలి. పడిపోకుండా ఒకే గదిలో నిలబడిందంటే ఆ గదిలో ఏదో సందు వదిలేశారు, లేదా పైన జంతువుంది. వరసగా వారం రోజులు పళ్లెం ఖాళీగా ఉండి, తెల్ల సాక్సులు తెల్లగానే తిరిగొస్తే టేపు పీకేసి, గోడ వార కూడా సబ్బునీళ్లతో తుడిచి, సామాను దించుకోండి. మంచం, సోఫా గోడకి ఆనించకుండా నెల రోజులు జానెడు దూరంలో పెడితే వ్యాక్యూమ్ గొట్టం వెనక్కి వెళ్తుంది.